తుపాను దారి తెలిసింది, వాన లెక్క మిగిలింది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, నువ్వు వాతావరణ శాఖలో అన్నేళ్ళు పనిచేసినావు కదా, తుపాన్ల గురించి ఒక అరగంట మాట్లాడు" అన్నాడు. నేను వెంటనే ఒప్పుకోలేదు. మన ఊరికి సముద్రం నూటయాభై కిలోమీటర్ల పైమాటే. ఇక్కడ తుపాను గోల ఎవరికి కావాలి అన్నాను. దానికి అతను ఒక్కటే మాట చెప్పినాడు: "మా చేలో బుడ్డశనగ కుళ్ళిపోయిందీ తుపానుతోనే, మా చెరువు నిండిందీ తుపానుతోనే అన్నా." ఆ మాటతో ఒప్పుకున్నాను. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ మాటలోనే ఉంది.

1977 నవంబరులో నేను ఇదే బడిలో తొమ్మిదో తరగతి. నవంబరు 19 శనివారం. మాకు ఇక్కడ మబ్బు, చలిగాలి. అంతకు మించి ఏమీ లేదు. ఆ సాయంత్రం దివిసీమ మీద ఉప్పెన పడింది. మాకు ఆ సంగతి తెలియడానికి రెండు మూడు రోజులు పట్టింది. రేడియో దగ్గర పెద్దలు గుమిగూడి వినేవాళ్ళు. అధికార లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా పోయినారు. సముద్రం ఐదు మీటర్ల ఎత్తున లేచి, ఊళ్ళకు ఊళ్ళను తుడుచుకుపోయింది. బడిలో మేము పాత బట్టలు, బియ్యం పోగుచేసి పంపించినాము.

అప్పుడు మా సైన్సు సారును నేను ఒక ప్రశ్న అడిగినాను. "సార్, అంత పెద్ద తుపాను వస్తావుంటే ముందుగా తెలియలేదా?" సారు కోప్పడలేదు. "తుపాను ఉందని తెలుసు. ఎక్కడికి పోతాదో, ఎంత బలపడతాదో తెలియలేదు. తెలియాలంటే కొలవాలి. సముద్రం మీద కొలిచేవాడు ఎవడు?" అన్నారు. మరుసటి వారం ఒక డబ్బా, ఒక గరాటు, ఒక స్కేలు తెచ్చి బడి ఆవరణలో పెట్టించినారు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వాన కొలిచి నోటుపుస్తకంలో రాయడం నా వంతు అయింది. నా ఉద్యోగానికి పునాది అక్కడే పడింది.

సారు చెప్పింది అక్షరాలా నిజమని ఉద్యోగంలో చేరినాక తెలిసింది. 1977లో మన దగ్గర ఏమున్నాయి? తీరం వెంబడి కొన్ని పరిశీలన కేంద్రాలు, సముద్రంలో తిరిగే ఓడలు పంపే రీడింగులు, విదేశీ ఉపగ్రహాలు అప్పుడప్పుడు ఇచ్చే బొమ్మలు. మచిలీపట్నంలో రాడారు లేదు. మన నెత్తిమీద ఎప్పుడూ ఒకే చోట నిలిచి చూసే సొంత ఉపగ్రహం లేదు. తుపాను పుట్టిందంటే ఓడలన్నీ దూరంగా పారిపోతాయి. అంటే సమాచారం అన్నిటికంటే ఎక్కువ కావలసిన చోటే అది అన్నిటికంటే తక్కువ. ఆ తుపాను మొదట పడమరగా సాగి, తర్వాత ఉత్తరానికి మళ్ళి కృష్ణా డెల్టా వైపు వచ్చింది. ఆ మలుపును ఈనాటి మాదిరి నాలుగు రోజుల ముందే పసిగట్టే సాధనం అప్పుడు ఎవరి దగ్గరా లేదు.

తుపాను ఎట్లా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. సముద్రపు నీరు 26, 27 డిగ్రీలు దాటి వేడెక్కి ఉండాలి. ఆ వేడినీటి ఆవిరే దానికి తిండి. ఎటు పోవాలన్నది మాత్రం తుపాను చేతిలో లేదు. పైన వీచే పెద్ద గాలులు దాన్ని నెట్టుకుపోతాయి, వాగులో ఆకు పోయినట్టు. కాబట్టి దారి తెలియాలంటే బంగాళాఖాతం ఒక్కటే చూస్తే చాలదు. టిబెట్ మీద గాలి, అరేబియా మీద గాలి, పసిఫిక్ నుంచి వచ్చే అల, అన్నీ తెలియాలి. ఏ ఒక్క దేశమూ ఇవన్నీ సొంతంగా కొలవలేదు. మా విద్య ఇరుగుపొరుగు లేకుండా సాగదు.

1970 నవంబరులో భోలా తుపాను అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో మూడు లక్షల మందికి పైగా మింగేసింది. ఆ తర్వాతే, 1972లో, ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆసియా సంఘం కలిసి బంగాళాఖాతం, అరేబియా సముద్రం చుట్టూ ఉన్న దేశాలతో ఒక తుపాను మండలి పెట్టినాయి. సరిహద్దుల్లో తుపాకులు ఎక్కుపెట్టుకున్న దేశాలు కూడా అందులో పక్కపక్కన కూర్చుంటాయి. మీరు వినే ఫైలిన్, హుద్‌హుద్, నివర్, మిచాంగ్ వంటి పేర్లు ఆ దేశాలు తలా కొన్ని ఇచ్చినవే. ఢిల్లీలోని మన ఐఎండీ కేంద్రం ఆ దేశాలన్నిటికీ తుపాను సూచనలు ఇస్తుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఏ ఊళ్ళో, ఏ ఆఫీసులో అన్నది వదిలేయండి. చేరిన కొత్త. ఒక రాత్రి డ్యూటీలో ఉన్నాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది. ఒక ఓడ నుంచి గాలి పీడనం రీడింగు వచ్చింది. చుట్టుపక్కల వచ్చిన రీడింగులకు అది పొసగలేదు, బాగా తక్కువ చూపిస్తోంది. కొలిచినవాడు పొరపాటు పడినాడని అనుకుని, పక్కన ప్రశ్నార్థకం గీసి, దాన్ని మ్యాపు మీద ఎక్కించకుండా వదిలేసినాను. పొద్దున్నే ఉపగ్రహం బొమ్మ వచ్చేసరికి అది వాయుగుండమై గట్టిగా తిరుగుతోంది. ఓడలో మనిషి సరిగానే కొలిచినాడు, పొరపాటు నాది. హెచ్చరిక సగం రోజు ఆలస్యంగా పోయింది. అప్పటికే వేటకు పోయిన పడవలు కొన్ని నాలుగు రోజులు తిరిగి రాలేదు. చివరికి అందరూ క్షేమంగా వచ్చినారు. అది వాళ్ళ అదృష్టం, నా అదృష్టం. ఆ నాలుగు రోజులు రేవులో ఎదురుచూసిన ఆడవాళ్ళ ముఖాలు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ ఓడ రీడింగు పక్కన ఇంకొక్క బోయా రీడింగు ఉన్నా, అవతలి ఆఫీసులో ఇంకొకరితో ఒక్క మాట మాట్లాడి ఉన్నా, నేను ఆ తప్పు చేసేవాణ్ణి కాదు. ఒంటరి లెక్క ఎప్పుడూ అనుమానంగానే కనిపిస్తుంది. నాలుగు లెక్కలు పక్కపక్కన పెడితేనే ఏది నిజమో తేలుతుంది.

1999 అక్టోబరు 29న ఒడిశాలో వచ్చిన సూపర్ సైక్లోన్ దాదాపు పదివేల మందిని తీసుకుపోయింది. అదే ఏడాది హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం మొదలైంది. 2002లో చెన్నైలో మొదటి డాప్లర్ రాడారు వచ్చింది. తర్వాత మచిలీపట్నం, విశాఖపట్నాల్లోనూ పెట్టినారు. సముద్రంలో చెన్నైవాళ్ళు లంగరేసిన బోయాలు, ప్రపంచ దేశాలన్నీ కలిసి వదిలిన నాలుగు వేల దాకా ఆర్గో తేలియాడే యంత్రాలు ఉన్నాయి. ఈ ఆర్గో యంత్రం రెండు కిలోమీటర్ల లోతుకు మునిగి, పది రోజులకొకసారి పైకి తేలి, నీటి వేడి, ఉప్పదనం చెప్పి మళ్ళీ మునుగుతుంది.

యంత్రాలు వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. 2008లో బంగాళాఖాతం తుపాన్ల మీద ఒక ఉమ్మడి కార్యక్రమం మొదలుపెట్టినారు. అక్టోబరు మధ్య నుంచి నవంబరు ఆఖరు దాకా ఐఎండీ, నోయిడాలోని వాతావరణ నమూనాల కేంద్రం, హైదరాబాదు ఇన్‌కాయిస్, చెన్నై సముద్ర సాంకేతిక సంస్థ, ఢిల్లీ ఐఐటీ వంటివన్నీ కలిసి పనిచేయాలి. ఎవరి నమూనా ఏం చెప్పిందో ఒకరి ముందు ఒకరు పెట్టాలి. సీజను అయిపోయినాక ఎవరి లెక్క ఎన్ని కిలోమీటర్లు తప్పిందో అచ్చు వేయాలి. చదువుకున్నవాళ్ళకు ఇది అంత సులభం కాదు. తన తప్పును కిలోమీటర్లలో కొలిచి ఊరంతటికీ చెప్పుకోవడం ఎవరికి ఇష్టం? మేము పరీక్ష పేపర్లు ఇంట్లో దాచిపెట్టినవాళ్ళమే కదా!

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2009లో, అమెరికాలోనూ ఇదే పని మొదలైంది. 2005లో కత్రినా హరికేన్ న్యూ ఆర్లియన్స్‌ను ముంచినాక, అక్కడి నోవా సంస్థ హరికేన్ సూచనల మెరుగుదలకు ఒక పథకం పెట్టింది. ఐదేళ్ళలో దారి తప్పును, బలం తప్పును ఐదో వంతు తగ్గించాలి, పదేళ్ళలో సగానికి తేవాలి అని ముందే అంకె రాసుకుని దిగినారు. ప్రభుత్వ శాస్త్రవేత్తలు, విశ్వవిద్యాలయాలు ఒకే పట్టిక మీద పనిచేసినాయి. వాళ్ళకు ఒక సదుపాయం ఉంది. విమానంలో తుపాను కన్ను లోపలికే పోయి, చిన్న చిన్న పరికరాలు జారవిడిచి కొలుచుకొస్తారు. బంగాళాఖాతంలో మనకు క్రమం తప్పకుండా అట్లా పోయే విమానం లేదు. ఉపగ్రహాలు, బోయాలు, రాడార్లతోనే నెట్టుకొస్తున్నాము.

అట్లా నెట్టుకొచ్చినా ఫలితం చూడండి. 2016 నుంచి 2020 దాకా ఐదేళ్ళ సగటు తీస్తే, 24 గంటల ముందు చెప్పిన దారిలో మా తప్పు సుమారు 77 కిలోమీటర్లు. మూడు రోజుల ముందు చెబితే సుమారు 159. ఇరవై ఏళ్ళ కిందట ఒక్క రోజు ముందు చెప్పిన దారిలోనే దాదాపు ఇంత తప్పు ఉండేది. అంటే మనిషి చేతికి రెండు రోజులు అదనంగా దొరికినాయి. రెండు రోజులంటే ఒక ఊరిని ఖాళీ చేయించడానికి సరిపోయే సమయం.

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. విదేశీ కేంద్రాలు కొన్ని దాన్ని ఇంకా భయంకరంగా చెప్పి, ఐఎండీ తక్కువ అంచనా వేస్తోందని విమర్శించినాయి. మనవాళ్ళు గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు అని తాము చెప్పిన మాట మీదే నిలబడినారు. జరిగింది కూడా అదే. పది లక్షల మందిని ముందే తరలించినారు. 1999లో దాదాపు పదివేల మంది పోయిన రాష్ట్రంలో ఈసారి చావులు పదుల సంఖ్యలో ఆగినాయి. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీదకే వచ్చింది. నాలుగైదు రోజుల ముందే ఉత్తరాంధ్ర తీరమని చెప్పగలిగినారు. నగరం దెబ్బతిన్నది, చెట్లు పోయినాయి, రాడారు కూడా దెబ్బతిన్నది, కానీ దివిసీమ మాదిరి శవాల దిబ్బలు లేవు.

చప్పట్లు కొట్టుకుని ఇంటికి పోవడానికి ఇది మంచి చోటు. కానీ నేను కడప జిల్లావాణ్ణి. నాకు ఇంకొక తేదీ గుర్తొస్తుంది. అది కూడా నవంబరు 19వ తేదీయే. సంవత్సరం 2021.

ఆ రోజు తెల్లవారుజామున ఒక వాయుగుండం చెన్నైకి దగ్గరలో తీరం దాటింది. గంటకు 62 కిలోమీటర్ల గాలి దాటితేనే తుపాను అంటారు, అప్పుడే పేరు పెడతారు. దీనికి అంత బలం లేదు, అందుకే పేరు కూడా లేదు. కానీ అది మోసుకొచ్చిన వాన శేషాచలం కొండల మీద, చెయ్యేరు పరీవాహకం మీద కుమ్మరించింది. మొదట పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళు కూడా వచ్చి అన్నమయ్య ప్రాజెక్టు మీద పడినాయి. రెండు లక్షల పదిహేడు వేల క్యూసెక్కులు వదలగలిగే కట్టకు మూడు లక్షల ఇరవై వేల దాకా వచ్చిందని తర్వాత లెక్క తేల్చినారు. మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ళు మునిగినాయి. కార్తీక పౌర్ణమి రోజు అది. శివాలయంలో దీపాలు పెట్టడానికి పోయినవాళ్ళు కూడా కొట్టుకుపోయినారు. ఇటువైపు కమలాపురం దగ్గర పాపఘ్ని వంతెన కూలింది.

భారీ వర్షం హెచ్చరిక ఉందా అంటే, ఉంది. జిల్లాల పేర్లతో సహా ఉంది. మరి ఎక్కడ తెగింది? "ఈ జిల్లాలో అతి భారీ వర్షం" అనే మాటకూ, "ఈ ఏటిలో, ఈ గంటకు, ఇన్ని క్యూసెక్కులు, ఈ ఊరు ఖాళీ చేయండి" అనే మాటకూ మధ్య ఉన్న దారం తెగింది. తుపాను దారి చెప్పడం వేరే విద్య, కొండల మీద పడే వాన లెక్క చెప్పడం వేరే విద్య. రెండోది ఇంకా కష్టం. వాన కురిసే మబ్బు పది కిలోమీటర్లు పక్కకు జరిగిందంటే అది ఇంకొక వంకలో పడుతుంది, ఇంకొక చెరువు తెగుతుంది. తుపాను కేంద్రం పది కిలోమీటర్లు తప్పితే మేము పండగ చేసుకుంటాము. వాన పది కిలోమీటర్లు తప్పితే ఒక ఊరు పోతుంది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందే, అది ఇంకా సముద్రంలో ఉండగానే, చెన్నై మునిగిపోయింది. "తుపాను ఎక్కడ దాటుతుంది?" అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చుంటే మనలాంటివాళ్ళకు లాభం లేదు. సముద్రతీరం వాళ్ళకు తుపాను అంటే గాలి, ఉప్పెన. మనకు తుపాను అంటే నీళ్ళు. పులివెందుల అరటి తోటలకు గాలి కూడా శత్రువే, అది ఒప్పుకుంటాను. కానీ జమ్మలమడుగు నల్లరేగడిలో అక్టోబరు, నవంబరులో విత్తిన బుడ్డశనగకు మొలక దశలో నీళ్ళు నిలిస్తే చాలు, పెట్టుబడి అంతా మట్టిపాలు. 2020 నవంబరులో నివర్ పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది, నష్టపోయిన రైతు మాత్రం మన జిల్లాలోనూ ఉన్నాడు. మూడు రోజులు ఆగి విత్తుకోమని నమ్మకంగా చెప్పగలిగితే ఒక సంసారం నిలబడుతుంది.

అదే నీళ్ళు మనకు ప్రాణం కూడా. నైరుతి మన దగ్గరికి వచ్చేసరికి అలిసిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం కరుణిస్తేనే మన చెరువులు నిండేది. గండికోట జలాశయంలో 26 టీఎంసీల పైచిలుకు, మైలవరంలో పది టీఎంసీల దాకా నిలవ చేసుకోవచ్చు. వాన ఎంత వస్తుందో రెండు రోజుల ముందు తెలిస్తే గేట్లు ఎత్తి ఖాళీ చేసుకోవచ్చు. కానీ ఖాళీ చేసినాక వాన రాకపోతే? వేసవిలో తాగునీటికి ఎవరు జవాబు చెబుతారు? గేటు దగ్గర నిలబడిన ఇంజనీరు భయం అది. ఆ భయాన్ని తీర్చేది మంచి వాన సూచన ఒక్కటే.

శాస్త్రవేత్తలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2016లో మన దేశం, బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి ఓడలో బంగాళాఖాతానికి పోయి, సముద్రానికీ గాలికీ మధ్య వేడి ఎట్లా మారుతోందో కొలిచి వచ్చినారు. బంగాళాఖాతానికి ఒక గుణం ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చిన మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది, పెరుగు మీద తేట నిలిచినట్టు. మామూలుగా తుపాను సముద్రాన్ని చిలికి, కింది చల్లనీటిని పైకి తెచ్చి, తన బలం తానే తగ్గించుకుంటుంది. ఈ తేట అడ్డం ఉన్నచోట చల్లనీరు సులభంగా పైకి రాదు. అందుకే కొన్ని తుపాన్లు ఒక్క రాత్రిలో బలిసిపోతాయి. ఇటువంటి సంగతులు నమూనాల్లోకి ఎక్కాలి. 2025 మేలో మన దేశం ఆరు కిలోమీటర్ల గళ్ళతో లెక్క కట్టే నమూనాను వాడకంలోకి తెచ్చింది. అంతకుముందు పన్నెండు కిలోమీటర్ల గడి. గడి ఎంత చిన్నదైతే వంక, కొండ అంత బాగా కనిపిస్తాయి.

ఇంత మంచి లెక్కనూ సరిచూడాలంటే ఏం కావాలి? నేల మీద నిజంగా ఎంత వాన పడిందో తెలియాలి. ఇప్పుడు మండలాల్లో ఆటోమేటిక్ యంత్రాలు ఉన్నాయి, సంతోషం. కానీ ఒక మండలంలో ఒక ఊళ్ళో వాన, పక్క ఊళ్ళో ఎండ, మనందరం చూసినదే. పెన్నేరు, కుందేరు, పాపఘ్ని, చిత్రావతి, చెయ్యేరు, ఇన్ని ఏర్లు కలిసే జిల్లా మనది. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలు కలిసి కూర్చున్నట్టే, వాతావరణ శాఖ, జలవనరుల శాఖ, రెవెన్యూ, వ్యవసాయ శాఖ, ఊరి ప్రజలు ప్రతి సెప్టెంబరులోనూ ఒక ఏటి పేరు మీద కలిసి కూర్చోవాలి. పోయిన ఏడాది ఎవరి అంచనా ఎంత తప్పిందో ఒకరి ముందు ఒకరు పెట్టాలి. తీరంలో పదేళ్ళు చేసిన పని అదే. అది ఏటి గట్టుకు రావాలి.

మనం ఏం చేయగలం అంటారేమో. నేను ఒకటి అడుగుతాను. ఈ స్వర్ణోత్సవానికి చాలామంది గదులు కట్టిస్తామన్నారు, కంప్యూటర్లు ఇస్తామన్నారు, మంచిదే. నా వంతుగా మన బడికి ఒక ప్రామాణికమైన వానమాపకం ఇస్తున్నాను. జమ్మలమడుగు, పులివెందుల నుంచి వచ్చిన మిత్రులు తమ ఊరి బడులకు ఒక్కొక్కటి ఇవ్వండి. పెద్ద ఖర్చు కాదు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఒక పిల్లవాడు, ఒక పిల్ల కొలవాలి, రాయాలి. వాన పడని రోజు సున్నా అని రాయాలి, ఖాళీ వదలకూడదు. సున్నా కూడా లెక్కే. సైన్సు సార్లకు, మేడమ్‌లకు నా మనవి ఒకటే: రీడింగు పొసగలేదని పిల్లలతో కొట్టివేయించకండి. పక్కన ప్రశ్నార్థకం పెట్టనివ్వండి, కానీ అంకెను ఉంచనివ్వండి. దాన్ని కొట్టేస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

నిన్న సాయంత్రం బడికి వచ్చి, మా సారు డబ్బా పెట్టించిన చోటు వెతికినాను. ఇప్పుడు అక్కడ సైకిల్ స్టాండు ఉంది. నోటుపుస్తకం ఎప్పుడో పోయింది. ఆ పుస్తకం ఉంటే మన ఊరి వాన లెక్క యాభై ఏళ్ళకు దగ్గరగా చేతిలో ఉండేది. పోయినది పోయింది. ఈ వచ్చే నవంబరు 19న కొత్త పుస్తకంలో ఆ రోజు లెక్క రాసి ఉండాలి. ఆ పూటకు నేను వచ్చి చూస్తాను. వాన ఉన్నా సరే, సున్నా ఉన్నా సరే.